పసిపిల్లలతో సముద్రానికి: ఏ తీరం, ఏ కాలం?

సముద్రానికి వెళదామన్న మాట ఇంట్లో రాగానే ముందు ఫొటోలు చూస్తాం. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక, వంగిన కొబ్బరిచెట్లు. తర్వాత టికెట్ల ధర, గది అద్దె. రెండేళ్ల బిడ్డ ఆ ఒడ్డున ఏం చేస్తుంది, ఎంతసేపు ఉండగలదు, ఎక్కడ నిద్రపోతుంది అన్నవి అన్నీ ఖాయమయ్యాక గుర్తొస్తాయి. ఈ వరుసను తిరగేయాలన్నదే నా వాదన. అయిదేళ్లలోపు పిల్లలకు కావలసిన సముద్రం చాలా చిన్నది. తడి ఇసుక, చీలమండ దాటని నీరు, చేయి చాస్తే అందేంత దూరంలో అమ్మో నాన్నో ఉంటే చాలు. మిగతా సముద్రమంతా పెద్దవాళ్ల కోసం. కాబట్టి తీరాన్ని ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అడుగు వాలు, తర్వాత కాలం, ఆపైన కాపలా, గది నుంచి ఇసుకకు ఎంత నడక. ఇవన్నీ కుదిరాకే అందం.

నీటి సంగతి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే. అలలు ఒడ్డుకు నీటిని తోసుకొస్తూనే ఉంటాయి. ఆ నీరంతా ఏదో ఒక దారిన వెనక్కి పోవాలి. నీటి అడుగున ఇసుక మేటల మధ్య సందు దొరికిన చోట అది ఒక పాయగా కూడి వేగంగా లోపలికి లాగుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటున్నారు. మనిషిని మోసగించేది దాని రూపం. ఆ పాయ ఉన్నచోట లోతెక్కువ కాబట్టి అలలు విరగవు. అటూ ఇటూ నురగ కనిపిస్తుంటే మధ్యలో నీరు నున్నగా, నెమ్మదిగా ఉన్నట్టు తోస్తుంది. పిల్లల్ని దించడానికి ఇదే బాగుందని కొత్తవాళ్లు వెళ్లేది అక్కడికే. ఒడ్డున ఒక పావుగంట ఊరికే నిలబడి అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో చూడటం అలవాటు చేసుకోవాలి. ఒకవేళ పెద్దవాళ్లు ఆ లాగుడులో చిక్కుకుంటే దానికి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక వెనక్కి రావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అందులో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలు. చెరువులు, బావులు, కాలువలు, ఇంట్లో నీళ్ల తొట్లు అన్నీ కలిపిన లెక్క ఇది. పసిబిడ్డ మునగడానికి లోతు అక్కర్లేదని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. సినిమాల్లో చూపినట్టు కేకలు, చేతులు ఊపడాలు ఉండవు. నోరు నీటిలో ఉన్నవాళ్లు అరవలేరు. అందుకే పది గజాల దూరంలో కుర్చీలో కూర్చుని ‘చూస్తూనే ఉన్నాం’ అనుకోవడం కాపలా కాదు. ఒకరు ఫోను పక్కన పెట్టి బిడ్డతో పాటు నీళ్లలో ఉండాలి. ఇంకొకరికి అప్పగించేటప్పుడు ‘ఇక నువ్వు చూడు’ అని నోటితో చెప్పి మరీ అప్పగించాలి. నలుగురు పెద్దవాళ్లున్న కుటుంబంలోనే ఎవరో ఒకరు చూస్తున్నారులే అన్న ధీమా ఎక్కువగా ఉంటుంది. గాలి నింపే ట్యూబుల మీద కూడా నమ్మకం పెట్టుకోవద్దు. తెల్లవారుజామున, ఉదయం పూట గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తున్నప్పుడు అవి చూస్తుండగానే లోపలికి జారిపోతాయి.

ఇక కాలం. తెలుగు కుటుంబాలు సాధారణంగా సముద్రానికి వెళ్లేది వేసవి సెలవుల్లో, దసరాకు, సంక్రాంతికి. ఇందులో మొదటి రెండూ పసిపిల్లలకు అనుకూలం కావు. ఏప్రిల్, మే నెలల్లో తూర్పు తీరాన ఉక్క భరించలేం. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో పుట్టిన ఉప్పెన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఇక్కడ గాలీ వానా ఏమీ లేకుండానే తీరాన్ని తాకేది కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే. దసరా నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా బంగాళాఖాతం తుపానుల రోజులు. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. పశ్చిమ తీరం సంగతి వేరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల దెబ్బకు అక్కడ ఎర్రజెండాలే. అందువల్ల రెండు తీరాలకూ కలిసొచ్చే కాలం జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి సగం. గాలి చల్లగా, బంగాళాఖాతం చాలావరకు నెమ్మదిగా ఉండే రోజులవి.

ఇక్కడ చాలామంది గమనించని వెసులుబాటు ఒకటుంది. బడికి వెళ్లని బిడ్డకు బడి సెలవులతో పనిలేదు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం బయల్దేరి శుక్రవారం తిరిగి రావచ్చు. జనం ఉండరు, గది ధర తగ్గుతుంది, సముద్రమూ నెమ్మదిస్తుంది. పెద్దపిల్లాడి బడి కోసం ఈ అవకాశం వదులుకోక తప్పని ఇళ్లు ఉంటాయి, నిజమే. లేనివాళ్లు మాత్రం దీన్ని వాడుకోవాలి. అలాగే పంచాంగం కూడా చూసుకోవాలి. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సూర్యలంక, మంగినపూడి, హంసలదీవి, అంతర్వేది తీరాలకు సముద్ర స్నానాల కోసం జనం వేలల్లో వస్తారు. పౌర్ణమి, అమావాస్యలకు పోటు కూడా ఎక్కువే. ఆ పుణ్యస్నానం పెద్దవాళ్లకు ముఖ్యమైతే చేయనివ్వండి. పసిబిడ్డను ఆ రద్దీలోకి, ఆ పోటులోకి తీసుకుపోవద్దు.

సముద్రం లేని హైదరాబాదులోనే దేశం మొత్తానికి సముద్రపు సమాచారం ఇచ్చే సంస్థ ఉంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ ఎత్తైన అలల గురించి, ఉప్పెన అలల గురించి జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. చేపలవేటకు వెళ్లేవాళ్ల కోసం మొదలైన సేవలివి. విహారానికి వెళ్లేవాళ్లు కూడా బయల్దేరే ముందురోజు చూసుకుంటే ఎంతో మేలు.

మన తీరాల్లో మొదట చెప్పాల్సింది విశాఖ. సికింద్రాబాదు నుంచి పగటిపూట వందేభారత్, రాత్రికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. పెద్దాసుపత్రులు చేరువలో ఉన్నాయి. బిడ్డ ఇసుకతో విసిగితే చూపించడానికి 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి, దాని ఎదుటే టీయూ-142 విమానం, కైలాసగిరి ఉన్నాయి. అయితే ఊరి నడిబొడ్డునున్న ఆర్కే బీచ్ నడవడానికి, మొక్కజొన్న పొత్తు తినడానికి, గాలి పీల్చుకోవడానికి బాగుంటుంది కానీ పిల్లల్ని నీళ్లలో దించడానికి కాదు. అక్కడ అడుగు నిటారుగా దిగిపోతుంది, అల ఒడ్డు మీదే విరుగుతుంది, రాళ్లున్నాయి. ఈ తీరంలోని రిప్ కరెంట్ల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారంటేనే సమస్య ఎంతటిదో తెలుస్తుంది. యారాడ చూడముచ్చటైన చోటు, మూడు వైపులా కొండలు, ముందు సముద్రం. ఒడ్డున నిలబడి చూసి వచ్చేయండి. పిల్లలతో స్నానానికి వద్దు.

రుషికొండది వేరే కథ. 2020 అక్టోబరులో భారతదేశానికి తొలిసారిగా ఎనిమిది బ్లూ ఫ్లాగ్ గుర్తింపులు వచ్చినప్పుడు అందులో ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్నది ఇదొక్కటే. డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే ఫౌండేషన్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ నీటి నాణ్యత, శుభ్రత, భద్రత, మరుగుదొడ్లు వంటి 33 ప్రమాణాలు చూసి ఈ గుర్తింపు ఇస్తుంది. ఇది ఏటేటా తిరిగి తెచ్చుకోవాల్సినది. 2025లో నిర్వహణ లోపాల వల్ల రుషికొండ దీన్ని కొన్నాళ్లు కోల్పోయి మళ్లీ సంపాదించుకుంది. ఆ సంఘటన తర్వాత కూడా నేను రుషికొండ వైపే మొగ్గుతాను. స్నానానికి హద్దులు గీసిన చోటు, లైఫ్‌గార్డులు, ఒళ్లు కడుక్కోవడానికి మంచినీళ్లు, బట్టలు మార్చుకునే గది చిన్నపిల్లల తల్లికి ఎంత అవసరమో ఒక్కసారి తడి ఇసుకతో ఏడ్చే బిడ్డను ఎత్తుకుని నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది. కాకపోతే ఆ భరోసా హద్దు గీసిన మేరకే. నాలుగడుగులు అవతలికి పోతే అది మళ్లీ మామూలు విశాఖ సముద్రమే. ఇంకాస్త ఉత్తరంగా గోస్తనీ నది కలిసే భీమిలి ప్రశాంతంగా ఉంటుంది, పాత డచ్చి సమాధులు చూడవచ్చు. నది కలిసేచోట మాత్రం పిల్లల్ని దించకూడదు. ఏ నదీముఖంలోనైనా నీటి లాగుడు ఏ క్షణాన ఎటు ఉంటుందో చెప్పలేం.

కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డుగోడలా ఉండడంతో అఖాతంలో అలల జోరు తగ్గుతుంది. నీళ్లు ఆడుకునేంత తేటగా ఉండవు. అక్కడికి వెళితే సముద్రం కన్నా కోరింగ మడ అడవుల్లో చెక్కబాట మీద నడక పిల్లలకు నచ్చుతుంది. పక్కనే ఉన్న ఉప్పాడలో సముద్రం ఏటా ఊరిని కోసుకుపోతోంది. అక్కడ రాళ్లగట్టు తప్ప ఆడుకునే ఒడ్డు లేదు. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు గుడికి వెళ్లినవారు చూసి తీరాల్సింది. అక్కడా చూపుతోనే సరిపెట్టుకోవాలి.

హైదరాబాదు, విజయవాడ, గుంటూరు కుటుంబాలకు అసలైన దగ్గరి సముద్రం బాపట్ల జిల్లాలో ఉంది. సూర్యలంక, వాడరేవు, రామాపురం. బాపట్ల ఊరి నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. పర్యాటక శాఖవారి హరిత రిసార్టు ఇసుకకు ఆనుకునే ఉంది. చీరాల వైపు ప్రైవేటు రిసార్టులు చాలా వచ్చాయి. ఇక్కడ అడుగు వాలు మెల్లగా ఉంటుంది. ఒడ్డున అరచేయి లోతు నీరు వెడల్పుగా పరుచుకుంటుంది. నడక నేర్చిన బిడ్డకు ఇంతకన్నా అనువైన ఆటస్థలం మన తీరంలో తక్కువ. కానీ ఈ తీరంలోనే ఏటా యువకులు మునిగిపోయిన వార్తలు చదువుతున్నాం. వాలు మెల్లగా ఉన్న చోట ఇసుక మేటల మధ్య గుంతలు ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఛాతీ దాటిన లోతులో పడతారు. లోతు లేదన్న ధైర్యంతోనే అంతదూరం పోతారు. బిడ్డను ఎత్తుకుని లోపలికి నడిచే నాన్నలకు, మామయ్యలకు ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మీ మోకాలు దాటనివ్వకండి.

మచిలీపట్నం దగ్గరి మంగినపూడి దీనికి తోడు. ఒడ్డున నల్లమట్టి ఉండడం దీని ప్రత్యేకత. నీరు తేటగా కనిపించదు, ఫొటోలకు పనికిరాదు. అయినా లోతు తక్కువ. మట్టి అంటే పడి చచ్చే మూడేళ్ల పిల్లలకు అది స్వర్గం. పేరుపాలెం, మైపాడు కూడా ఒక పూటకు వెళ్లి రావడానికి బాగుంటాయి. కాపలా, వైద్యం, నీడ విషయాల్లో మాత్రం వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరమంతటా గుడ్లు పెడతాయి. అటవీశాఖ హేచరీల నుంచి పిల్ల తాబేళ్లను సముద్రంలోకి వదిలే ఉదయం గనక దొరికితే, బిడ్డకు ఇంకే ఆకర్షణా అవసరం ఉండదు.

ఒడిశాలోని పూరీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జగన్నాథుడి దర్శనానికి వెళ్లే తెలుగు కుటుంబాలు అక్కడి సముద్రంలో స్నానం చేయకుండా తిరిగిరావు. ఆ సముద్రం అల జోరు ఎక్కువ. శంఖాకారపు టోపీలు పెట్టుకుని యాత్రికుల చేయి పట్టుకుని స్నానం చేయించే నూలియాలు తరతరాలుగా అక్కడ ఉన్నారు. వాళ్లు తెలుగు మాట్లాడే మత్స్యకారులే. పెంటకోట అనే వాళ్ల పేట పూరీ ఒడ్డునే ఉంది. అలను చదవడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. పూరీ వెళ్లినప్పుడు హోటల్ వాళ్లను కాదు, ఆ పెద్దవాళ్లను తెలుగులో అడగండి. ‘బాబుని ఇవాళ దించొచ్చా?’ అంటే నిజం చెబుతారు. వద్దంటే వద్దు. బ్లూ ఫ్లాగ్ ఉన్న గోల్డెన్ బీచ్ కూడా పూరీలోనే ఉంది. పిల్లలున్నవాళ్లకు అదే నయం.

తమిళనాడు వైపు మహాబలిపురం శిల్పాల కోసం వెళ్లాలి, సముద్రం కోసం కాదు. చెన్నై దగ్గరి కోవళానికి, పుదుచ్చేరి ఈడెన్ బీచ్‌కు 2021లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. పుదుచ్చేరి ఊళ్లోని ప్రామినేడ్ చాలావరకు రాళ్లగట్టే, పిల్లల్ని నీళ్లలో దించే చోటు కాదు. సాయంత్రం పూట వాహనాలు ఆపేస్తారు కాబట్టి పిల్లల్ని పరుగెత్తనివ్వవచ్చు. కేరళలో వర్కల కొండ అంచున ఉంటుంది, మెట్లు దిగి ఎక్కాలి. నడవలేని, మోయలేని వయసు బిడ్డతో అక్కడికి వెళ్లడం శిక్షే.

గోవా అనగానే మద్యం, సంగీతం గుర్తొచ్చి చాలామంది తెలుగు పెద్దవాళ్లు ముఖం తిప్పుకుంటారు. బాగా, కలంగూట్ తీరాల సంగతి అంతే. పసిపిల్లలున్నవారు వెళ్లాల్సింది దక్షిణ గోవాకు. పాలోలెం అర్ధచంద్రాకారపు అఖాతం, రెండు చివర్లా కొండ ముక్కులు ఉండడంతో అలలు చిన్నవి. బెనౌలిం, వర్కా, కావెలోసిం తీరాలు వెడల్పుగా, జనం తక్కువగా ఉంటాయి. 2008 నుంచి గోవా తీరాల్లో దృష్టి సంస్థ లైఫ్‌గార్డులు పనిచేస్తున్నారు. ఎరుపు, పసుపు కలిసిన జెండాల మధ్య స్నానం చేయాలి, ఎర్రజెండా ఉంటే దిగకూడదు. ఇంత స్పష్టమైన కాపలా ఏర్పాటు దేశంలో మరెక్కడా ఇంత విస్తారంగా లేదని నా అంచనా. విమానం టికెట్టు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. 2023లో మొదలైన మోపా విమానాశ్రయం ఉత్తర కొసన ఉంది, పాలోలెం దక్షిణ కొసన. చవకగా దొరికిందని మోపాలో దిగితే బిడ్డతో మరో రెండు మూడు గంటలు కారులో కూర్చోవాలి. దబోలిం విమానాశ్రయం నయం. పాలోలెంలో చెక్క గుడిసెలు ఏటా వానాకాలానికి విప్పేసి మళ్లీ కడతారు. మెట్ల పక్క రెయిలింగు ఎలా ఉందో, దోమతెర ఉందో లేదో అడిగే గది తీసుకోవాలి.

అండమాన్ మీద మనసు పడని తల్లిదండ్రులు లేరు. పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పుడు శ్రీవిజయపురంలో, తెలుగువాళ్లు బాగానే స్థిరపడ్డారు. భాషకు ఇబ్బంది లేదు, పప్పన్నం దొరుకుతుంది. హేవ్‌లాక్‌లో రాధానగర్ బ్లూ ఫ్లాగ్ తీరం, నీల్ దీవిలో భరత్‌పూర్ లోతు తక్కువ. అయినా నేను అయిదేళ్లు నిండేదాకా ఆగమంటాను. విమానం, ఆపైన గంటలకొద్దీ ఓడ, ఓడలో వాంతులు. పాటు సమయంలో బయటపడే పగడపు ముక్కలు పాదాలు కోస్తాయి. ఉప్పునీటి మొసళ్లు ఉన్న దీవులవి. హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టలేదు. 2010లో హేవ్‌లాక్ దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రిపూట బిడ్డకు జ్వరం నూట మూడు దాటితే దీవిలో ఉన్నది చిన్న ఆరోగ్య కేంద్రం. పెద్దాసుపత్రి సముద్రానికి అవతల ఉంది.

శ్రీలంక గురించి ఒక్క మాట. మనకు ఎండాకాలమే సెలవు దొరికితే ఆ దీవి తూర్పు తీరంలో పాసికుడా మే నుంచి సెప్టెంబరు దాకా నెమ్మదిగా ఉంటుంది, చాలా దూరం లోతు ఉండదు. అమెరికాలో ఉన్న మనవళ్లను చూడటానికి వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలు ఫ్లోరిడా తీరానికి వెళితే జెండాలు గమనించాలి. రెండు ఎర్రజెండాలు కలిపి ఎగరేస్తే నీళ్లు మూసేసినట్టు.

తీరం ఖాయమయ్యాక గది. సముద్రం కనిపించే పై అంతస్తు గది కన్నా ఇసుకకు రెండు నిమిషాల నడకలో ఉన్న కింది గది మేలు. బిడ్డ మధ్యాహ్నం నిద్రకు పరుగున తిరిగి రాగలగాలి. స్విమ్మింగ్ పూల్ ఉంటే చుట్టూ కంచె, తలుపు ఉన్నాయా అని అడగాలి. సముద్రం కన్నా గది ముందున్న పూల్‌లోనే పెద్దవాళ్ల అప్రమత్తత సడలుతుంది. వంటవాళ్లు మిరపకాయ లేకుండా పప్పు, పెరుగన్నం చేసి పెడతారా, రాత్రి పాలు వేడి చేసిస్తారా అన్నది కూడా ఫోనులోనే తేల్చుకోవాలి. ఆరునెలల లోపు పాపలకు సన్‌స్క్రీన్ బదులు నీడ, టోపీ, పొడవు చేతుల పల్చటి నూలుబట్టలు. పెద్ద పిల్లలకైనా ఉదయం తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం నాలుగు తర్వాతే ఒడ్డు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జ్వరం మందు, థర్మామీటరు సంచిలో ఉండాలి. కుక్కలు తిరిగే ఇసుకలో చెప్పులు వేసే నడిపించాలి, వాటి మలం నుంచి కొంకిపురుగు పిల్లలు చర్మంలోకి చొరబడతాయి. జెల్లీ చేపలు కొట్టుకొచ్చిన రోజు నీళ్లకు సెలవు.

ఇవన్నీ కలిపి చూస్తే నా తీర్పు ఇది. రెండేళ్లలోపు బిడ్డతో తొలి ప్రయాణం అయితే ఫిబ్రవరిలో, వారం మధ్యలో, సూర్యలంక. కాపలా ముఖ్యమనుకుంటే రుషికొండ. మూడేళ్లు దాటాక డిసెంబరు చివరి రద్దీ వదిలేసి దక్షిణ గోవా. అయిదేళ్లు నిండాక అండమాన్. గదికి డబ్బు కట్టే ముందు ఆ ఊళ్లో పిల్లల డాక్టరు ఎంత దూరంలో ఉన్నారో ఫోను చేసి అడగండి. బయల్దేరే ముందురోజు ఇన్‌కాయిస్ హెచ్చరిక చూడండి. ఎత్తైన అలలు అని ఉంటే టికెట్ డబ్బు పోయినా సరే, ప్రయాణం వాయిదా వేయండి.